ఎందుకు పారేశారో తెలిశాకే చెయ్యి పెట్టండి

న్యూజిలాండ్‌లో ఆక్లండ్‌కు పడమట ఉన్న హెండర్సన్‌లో నవంబరు ఇళ్లు మారే నెల. చదువుల ఏడాది ముగుస్తుంది, అద్దె గడువులు తీరతాయి. రటానుయి వీధిలో యూనిటెక్ క్యాంపస్ చుట్టుపక్కల, ఎడ్మంటన్ రోడ్డు మీద, స్టర్జెస్ రోడ్డు స్టేషన్ వైపు నడిచివెళ్తుంటే ఇళ్ల ముందు గడ్డిమీద సామాన్లు కనిపిస్తాయి. ఫుట్‌పాత్‌కీ తారు రోడ్డుకీ మధ్య ఉండే ఆ గడ్డి పట్టీని ఇక్కడ బెర్మ్ అంటారు. సోఫా, రెండు కుర్చీలు, సొరుగు ఊడిన బల్ల, పిల్లల సైకిలు. పైన అట్టముక్క మీద లావుపాటి అక్షరాలతో ‘ఫ్రీ’.

రెండు సూట్‌కేసులతో అప్పుడే దిగిన కుర్రవాడికి ఇది చూస్తే ప్రాణం లేచివస్తుంది. ఇక్కడ అద్దె ఇల్లంటే మామూలుగా నాలుగు గోడలూ ఒక పొయ్యీ. మంచం మనదే, ఫ్రిజ్ మనదే, వాషింగ్ మిషన్ మనదే. బాండు పేరుతో నాలుగు వారాల అద్దె ముందే కట్టేసి ఉంటాడు. ఇంకేముంది, గదిలో ఉండే ఇద్దరూ చెరోవైపు పట్టి సోఫాను లోపలికి తెస్తారు. ఆ సాయంత్రం గుంటూరు నుంచి వీడియో కాల్.

“ఆ సోఫా ఎక్కడిదిరా?”

“రోడ్డు మీద ఉందమ్మా. ఫ్రీ అని రాసిపెట్టారు.”

“బంగారంలాంటి సోఫా ఊరికే ఎందుకు పారేస్తార్రా? ఏదో ఉండే ఉంటుంది. దాని మీద పడుకోమాకు.”

ఈ అధ్యాయానికి పునాది ఆ తల్లి ప్రశ్నే. ఎవరో వాడి వదిలేసిందన్న ఏవగింపుతో అడిగి ఉండొచ్చు గాని, అడిగింది మాత్రం సరైన ప్రశ్న. పారేసిన ప్రతి వస్తువు వెనకా ఒక కారణం ఉంటుంది. ఇల్లు మారుతూ పారేశారా, పాడై పారేశారా, తడిసి పారేశారా, నల్లులు పట్టి పారేశారా, వాడొద్దని కంపెనీయే వెనక్కి పిలిచిందా? కారణం తెలిస్తే సగం ప్రమాదం తప్పినట్టే. తెలియకపోతే, తెలుసుకునే దారి కూడా లేకపోతే, వస్తువు ఎంత ముచ్చటగా ఉన్నా వదిలేసి నడవండి. సిగ్గు గురించి ఈ అధ్యాయంలో ఇంతకంటే మాట్లాడను. కోత అయ్యాక చేలో పరిగ ఏరుకున్న జాతి మనది, ఏరుకోవడంలో నామోషీ లేదు. ఏరుకునేవాడికి ఏది గింజో ఏది పొల్లో తెలియాలి, అంతే.

పారేయడానికీ ఖర్చే

మన ఊళ్లో పాత సామాను పోవడానికి పది దారులున్నాయి. ఇనప సామాన్లవాడు వీధిలోకి వస్తాడు. పాత పేపర్లు కిలో లెక్కన తూస్తారు. పాత చీరలు తీసుకుని స్టీలు గిన్నెలిచ్చే ఆవిడ గంప దించుతుంది. పనమ్మాయి, వాచ్‌మన్ ముందే అడిగిపెట్టుకుంటారు. హైదరాబాదులో అయితే ఎర్రగడ్డ ఆదివారం సంతకో జుమ్మెరాత్ బజారుకో చేరి, తిరగని ఫ్యాను కూడా ఇంకో యజమానిని సంపాదించుకుంటుంది. ఇన్ని చేతులు దాటుకుని ఒక వస్తువు చెత్తకుప్పకు చేరిందంటే అందులో పిండుకోవడానికి ఇంకేమీ మిగల్లేదన్నమాట. చెత్తకుప్ప అంటే మనకు అంత అసహ్యం ఊరికే రాలేదు.

ఇక్కడ ఆ లెక్క తలకిందులు. పాత సామాను కొంటామని గుమ్మంలోకి వచ్చేవాళ్లు లేరు. బాగుచేసే మనిషి గంట కూలి కొత్త టోస్టర్ ధరను దాటిపోతుంది. పారేయాలన్నా డబ్బే. హెండర్సన్‌లోనే ది కాంకోర్స్ అనే రోడ్డు మీద వైటాకెరె ట్రాన్స్‌ఫర్ స్టేషన్ ఉంది. అక్కడికి ట్రెయిలర్ కట్టుకుని వెళ్లి, రుసుము చెల్లించి పడేసి రావాలి. 2008లో తెచ్చిన చెత్త తగ్గింపు చట్టం కింద ల్యాండ్‌ఫిల్‌కు పోయే ప్రతి టన్నుకూ 2009లో 10 డాలర్ల సుంకం వేశారు. 2024 జులైకి అది 60 డాలర్లయింది. ఆ బరువు చివరికి సోఫా పారేసేవాడి మీదే పడుతుంది.

అందుకని శుక్రవారం విమానం ఎక్కాల్సినవాడు గురువారం రాత్రి నిక్షేపంలాంటి బల్లను బెర్మ్ మీద పెట్టేసి చేతులు దులుపుకుంటాడు. దానికి జబ్బేమీ లేదు, యజమానికి టైము చాలలేదు. ఏరుకునేవాడికి దొరికే మంచి సరుకంతా దాదాపు ఈ కోవలోదే.

పూర్వం ఆక్లండ్‌లో దీనికొక పండగే ఉండేది. పెద్ద సామాన్ల సేకరణ, అంటే ఇన్‌ఆర్గానిక్ కలెక్షన్, వచ్చే వారం ఊరంతా బెర్మ్‌ల మీద కుప్పలు పోసేవాళ్లు. లారీ వచ్చేలోపు వ్యాన్లేసుకుని వీధులు తిరిగేవాళ్లు కొందరు. కుప్పలు చెల్లాచెదురు కావడం, గాజుపెంకులు రోడ్డెక్కడం, ఎక్కడెక్కడి చెత్తో తెచ్చి కలపడం చూసి కౌన్సిల్ 2015లో పద్ధతి మార్చింది. ఇప్పుడు ఒక్కో ఇల్లు ఏడాదికోసారి బుక్ చేసుకోవాలి. ఒక ఘనపు మీటరుకు మించకూడదు. సామాను బెర్మ్ మీద పెట్టకూడదు, ఇంటి ఆవరణలోనే ఉంచాలి. పనికొచ్చేవాటిని విడిగా తీసి సామాజిక సంస్థలకు చేరుస్తారు. కొత్త పద్ధతి మంచిదే అనుకుంటాను, కానీ వీధి మీద జరిగే ఆ ఉచిత సంత పోయిందని పాత వెస్టీలు, అంటే ఈ పడమటి ఆక్లండ్ జనం, ఇప్పటికీ గొణుగుతుంటారు.

ఇప్పుడు బెర్మ్ మీద కనిపించే సామాను కౌన్సిల్ దృష్టిలో అక్రమంగా పడేసినదే. అట్టముక్క మీద ‘ఫ్రీ’ అని రాసినంత మాత్రాన పడేసినవాడికి మినహాయింపు లేదు. 1979 నాటి లిట్టర్ చట్టం కింద 400 డాలర్ల దాకా అక్కడికక్కడే జరిమానా వేయొచ్చు. తీసుకెళ్లేవాడికి దానితో పేచీ లేదు. ఒక్కటి మాత్రం చూసుకోవాలి. కుప్ప కెలికి మీకు కావలసింది తీసుకుని మిగతాది గడ్డిమీద పరిచేసి వెళ్తే, ఆ పరిచిన చెత్త మీదవుతుంది.

ఎవరి సొత్తు

చెత్తబుట్టలో పడింది కాబట్టి ఎవరిదీ కాదనుకోవడం పొరపాటు. సూపర్‌మార్కెట్ వెనక తొట్టిలో ఉన్నది, దాన్ని ఎత్తుకుపోయేదాకా ఆ దుకాణానిదో చెత్త కంపెనీదో. ఇంటి ముందు పెట్టిన ఇనప స్కిప్ బిన్ అద్దెకు తెచ్చుకున్నవారిది. కౌన్సిల్ కోసం ఆవరణలో సర్దిన కుప్ప ఆ ఇంటివాళ్లది. అపార్టుమెంట్ల కింద చెత్తగది అక్కడ ఉండేవాళ్లకు మాత్రమే. 1961 నాటి నేరాల చట్టంలో దొంగతనం అంటే, హక్కు లేదని తెలిసీ వంచనతో తీసుకోవడం. పారేశారని నిజంగా నమ్మి తీసుకున్నానని వాదించుకోవచ్చు. కానీ ఆ వాదన వినిపించాల్సిన చోటికి వెళ్లకపోవడమే మేలు.

పట్టుబడితే మామూలుగా ముందు వచ్చేది ట్రెస్‌పాస్ నోటీసు. 1980 నాటి చట్టం ప్రకారం నోటీసిచ్చాక రెండేళ్లపాటు ఆ ఆవరణలో అడుగు పెట్టకూడదు. పెడితే వెయ్యి డాలర్ల దాకా జరిమానా గాని, మూడు నెలల దాకా జైలు గాని. ఆ ఆవరణ మీ ఇంటికి దగ్గరున్న ఒకే ఒక్క సూపర్‌మార్కెట్ కావచ్చు, రెండేళ్లపాటు ఉల్లిపాయలకు బస్సెక్కి వెళ్లాల్సి వస్తుంది. ఇక దొంగతనం కేసై శిక్ష పడిందంటే దెబ్బ అంతటితో ఆగదు. రెసిడెన్స్ అర్జీలో ప్రవర్తన పరీక్ష ఉంటుంది. వంచనతో కూడిన నేరాన్ని, మొత్తం ఎంత చిన్నదైనా, ఇమిగ్రేషన్‌వాళ్లు తేలిగ్గా తీసుకోరు. ఏళ్ల తరబడి చదివి, ఉద్యోగం వెతికి, పాయింట్లు కూడబెట్టుకున్న మనిషి పారేసిన బ్రెడ్డు సంచి కోసం రెసిడెన్స్ కాగితాన్ని పణం పెట్టడం ఏ లెక్కలోనూ కుదరదు. తాళం వేసిన తొట్టి, గేటు దాటాల్సిన తొట్టి, బోర్డు పెట్టిన తొట్టి జోలికి వెళ్లొద్దు. చూసినవాళ్లు ‘వెళ్లండి’ అంటే వాదించకుండా వెళ్లిపోండి. చెప్పాక కూడా నిలబడటమే నేరం.

దీనికి విరుగుడు చాలా సులువు, మనవాళ్లకు మాత్రం చాలా కష్టం: అడగడం. స్కిప్ ఉన్న ఇంటి తలుపు పగలు తట్టండి. “మీ పక్క వీధిలోనే ఉంటాను. స్కిప్‌లో ఆ చెక్క కుర్చీ చూశాను, మీకు అక్కర్లేకపోతే తీసుకోవచ్చా?” అంతే. చాలామంది సంతోషంగా తీసుకోమంటారు, ఎందుకంటే స్కిప్‌లో వాళ్లకు చోటు మిగులుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. అడిగితే కారణం కూడా చెప్తారు. “కాలు ఊగుతోంది, అందుకే పడేశాను” అనొచ్చు, “మా నాన్నగారిది, పోయారు, ఇల్లు ఖాళీ చేస్తున్నాం” అనొచ్చు. గుంటూరు నుంచి వచ్చిన ప్రశ్నకు జవాబు అక్కడికక్కడే దొరికిపోతుంది. రాత్రి టార్చిలైటుతో వెళ్తే ఆ జవాబు దొరకదు.

కాగితాలు, హార్డ్‌డిస్కులు, ఫోన్లు దొరికితే ముట్టుకోకండి. వాటిలో ఇంకొకరి బ్యాంకు వివరాలుంటాయి. ఆ ఫోను దొంగిలించి పారేసిందైతే, దొరికిన చేతులు మీవవుతాయి.

తొట్టిలోకి దిగొద్దు

ఇందులో మినహాయింపులేమీ లేవు. పెద్ద తొట్టిలోకి తల దూర్చి, కాళ్లు గాల్లో ఉండేలా వంగొద్దు, లోపలికి దిగొద్దు. 2021 మేలో సౌత్ ఆస్ట్రేలియాలోని పోర్ట్ లింకన్‌లో, తెల్లవారుజామున తొట్టిలో నిద్రపోతున్న పదమూడేళ్ల పిల్లవాడు, లారీ ఆ తొట్టిని ఎత్తి కుమ్మరించినప్పుడు చనిపోయాడు. డ్రైవరుకు లోపల మనిషి ఉన్నాడని తెలియదు. చెత్త లారీలు వచ్చేదే చీకటి పొద్దున. చప్పుడు వినపడి బయటికి దూకుదామనుకునేలోపే ఇనప చేతులు తొట్టిని పైకి లేపేస్తాయి. కొన్ని దుకాణాల వెనక ఉండేవి తొట్టెలే కావు, చెత్తను అదిమే యంత్రాలు. పైకి రెండూ ఒకేలా ఉంటాయి.

దానం బట్టలు వేసే పెట్టెలు అంతకంటే మోసకారివి. బయటినుంచి తీయలేకుండా వాటి మూతిని లోపలికి తిరిగేలా చేస్తారు. చెయ్యి, తల ఇరుక్కుంటే వెనక్కి రావు. కెనడాలో ఇలా వరసగా ప్రాణాలు పోయాయి. 2019 జనవరిలో టొరంటోలో ఒక స్త్రీ అలాగే చనిపోయాక చాలాచోట్ల ఆ పెట్టెలనే తీసేశారు. పైగా అందులో ఉన్నది దానధర్మ సంస్థ సొత్తు. హెండర్సన్‌లో సాల్వేషన్ ఆర్మీ, హాస్పిస్ వెస్ట్ ఆక్లండ్ లాంటి సంస్థల ఆప్ షాపుల్లో, అంటే దానంగా వచ్చిన పాత వస్తువులమ్మే దుకాణాల్లో, కోటు కొద్ది డాలర్లకే దొరుకుతుంటే పెట్టెలో చెయ్యి పెట్టాల్సిన అవసరమే లేదు.

పైపైన ఉన్నదాన్ని చేతికందేంతలో తీసుకోవడానికి కూడా కాస్త తయారీ కావాలి. రబ్బరు చెప్పులు వద్దు, మూసి ఉన్న గట్టి బూట్లు కావాలి. పల్చటి గ్లవ్స్ మీద తోటపని గ్లవ్స్ వేసుకోండి. సంచిలోకి చెయ్యి దూర్చి వెతకడం మానేయండి. సంచి నోరు విప్పి కర్రతో కదపండి, లేదా తిరగేసి కుమ్మరించి చూసి, చూశాక మళ్లీ ఎత్తి వేయండి. అడుగున గాజు ఉండొచ్చు, సూది ఉండొచ్చు. సూది గుచ్చుకుంటే నోటితో పీల్చడం, నొక్కి నొక్కి రక్తం తీయడం చేయకండి. సబ్బూ నీళ్లతో కడిగి అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందు అవసరమైతే 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత తొందరగా వేస్తే అంత మంచిది. లింకన్ రోడ్డు మీద వైటాకెరె ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగం రాత్రీపగలూ ఉంటుంది. వెళ్లాలో వద్దో తేలకపోతే హెల్త్‌లైన్ 0800 611 116కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. ధనుర్వాతం టీకా చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు తెచ్చుకుని రాసిపెట్టుకోండి. మురికి గాయమైతే, ఆ డోసు వేసి అయిదేళ్లు దాటి ఉంటే మళ్లీ వేస్తారు.

డబ్బు సంగతీ చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు బిల్లుకు భయపడి గాయం దాచుకుంటారు. 1974 నుంచి ఈ దేశంలో ఏసీసీ అనే ఏర్పాటు ఉంది. ప్రమాదంలో గాయపడిన ఎవరికైనా, తప్పు ఎవరిదని అడగకుండా, వీసా ఏదని చూడకుండా చికిత్స ఖర్చులో సాయం చేస్తుంది. చుట్టపుచూపుగా వచ్చిన అమ్మానాన్నలకు కూడా ఇది వర్తిస్తుంది. కానీ అది గాయాలకే, జబ్బులకు కాదు. చెత్త నుంచి అంటిన జ్వరం మీ ఇన్సూరెన్సు కిందికి వస్తుంది. ఎలుకలు తిరిగేచోట వాటి మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ రావచ్చు. చేతికి పుండు ఉన్నప్పుడు తడి చెత్త జోలికి పోకపోవడానికి కారణం అదే.

ఇంకొకటి మనకు తట్టనిది: సగం వాడి పారేసిన కుండీ మట్టి, కంపోస్టు సంచులు. కరివేపాకు మొక్క వేద్దామని మనవాళ్లు సంబరంగా తెచ్చుకుంటారు. ఆ పొడి మట్టిలో లెజియొనెల్లా లాంగ్‌బీచీ అనే సూక్ష్మజీవి ఉండొచ్చు. ఆ ధూళి పీలిస్తే తీవ్రమైన న్యుమోనియా రావచ్చు, న్యూజిలాండ్‌లో ఇది అరుదైన సంగతేమీ కాదు. కొత్త సంచికైనా ఇదే జాగ్రత్త. మాస్కు పెట్టుకుని, సంచిని మొహానికి దూరంగా గాలి ఆడేచోట విప్పి, మట్టిని తడిపి, తర్వాత చేతులు కడుక్కోండి.

ఇంట్లోకి తెచ్చే ముందు

2023 జనవరి 27న ఆక్లండ్‌ను వరద ముంచింది. హెండర్సన్, రానుయి, స్వాన్సన్ లాంటి పడమటి పేటల్లో వాగులు పొంగి ఇళ్లలోకి వచ్చాయి. ఆ తర్వాతి వారాల్లో వీధులకు వీధులే సామాన్లతో నిండిపోయాయి: పరుపులు, సోఫాలు, ఫ్రిజ్‌లు, కొత్తగా కనిపించే టీవీలు. అవన్నీ మురుగు కలిసిన నీళ్లలో నానినవి. రెండెండలు తగిలేసరికి చాలావాటికి పైకి మచ్చ కూడా కనపడదు. అందుకే వరద తర్వాత వీధిలో దొరికిన మెత్తటి సామాను గాని, కరెంటు సామాను గాని ఏదీ తీసుకోకూడదు. స్టీలు గిన్నె, గాజు సీసా లాంటివి కడిగి వాడుకోవచ్చు. నీళ్లు తాగే గుణమున్న ప్రతిదీ, దూది, నురుగు, చెక్కపొడి బోర్డు, అక్కడే వదిలేయాలి.

వరద లేని రోజుల్లో కూడా ఆక్లండ్‌కు వానే శత్రువు. బెర్మ్ మీద ఒక రాత్రి తడిసిన చెక్కపొడి బీరువా అంచులు ఉబ్బుతాయి. వేలితో తడిమితే తెలిసిపోతుంది, ఇక అది కోలుకోదు. అసలు చెక్క వస్తువైతే తడిని తట్టుకుంటుంది గాని, సూదితో గుచ్చినట్టు చిన్న చిన్న రంధ్రాలూ కింద సన్నటి పొడీ ఉన్నాయేమో చూడండి. బోరర్ పురుగు. మీరు అద్దెకున్న ఇల్లు చెక్క ఇల్లు, మర్చిపోకండి.

పరుపు ఊరికే ఇచ్చినా తీసుకోకండి. సోఫా తీసుకునేముందు దిండ్లు ఎత్తి, కుట్ల వెంట, మూలల్లో, అడుగు గుడ్డ కింద టార్చి వేసి చూడండి. మిరియపు పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు కనపడితే అవి నల్లులున్న గుర్తు. ఒక్కసారి ఇంట్లో చేరితే వాటిని వదిలించే ఖర్చుతో కొత్త సోఫా వస్తుంది, పైగా ఇంటాయనతో తగువు. తెచ్చిన బట్టలు, కర్టెన్లు ఇంట్లో విప్పకుండా నేరుగా 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకండి.

కరెంటు వస్తువు పాడైపోయే పారేశారనుకునే బయలుదేరాలి. వేడి పుట్టించేవి, అంటే హీటర్లు, ఎలక్ట్రిక్ దుప్పట్లు, ఇస్త్రీపెట్టెలు, అసలే వద్దు. ఈ ఇళ్లలో చలి ఎముకల్లోకి పోతుంది నిజమే, అయినా హీటరు కొత్తదే కొనుక్కోండి. మిగతావాటికి తీగ కోసి ఉందేమో ముందు చూడండి. చాలామంది తెలిసినవాళ్లు పాడైన వస్తువు ఇంకొకరు వాడకూడదని తీగ కత్తిరించి పారేస్తారు, అది మీకోసం రాసిన ఉత్తరమే అనుకోండి. ప్లగ్గు దగ్గర మాడిన మచ్చ, కాలిన వాసన ఉన్నా వదిలేయండి. బాగున్నట్టు కనిపించినా ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించి ట్యాగ్ వేయించాకే గోడకు పెట్టండి. ఉబ్బిన బ్యాటరీ, విడిగా దొరికిన లిథియం బ్యాటరీ, స్కూటరు బ్యాటరీ ఇంట్లోకి తేకూడదు, చెత్తలోకి మళ్లీ విసరకూడదు కూడా. చెత్త లారీల్లో మంటలు లేచేది వాటివల్లే.

వెనక వరండాలో గారెలు వేసుకోవడానికని గ్యాస్ సిలిండరు తెచ్చుకునేవాళ్లున్నారు. 9 కిలోల ఎల్పీజీ సిలిండరుకు పదేళ్లకోసారి పరీక్ష చేయించాలి. మెడ దగ్గర ముద్ర వేసిన తేదీ ఉంటుంది. గడువు దాటితే ఎవరూ నింపరు. ‘ఎందుకు పారేశారు’ అనే ప్రశ్నకు జవాబు లోహం మీదే చెక్కి ఉన్న వస్తువు ఇదొక్కటే.

పసిపిల్లల విషయంలో పిసినారితనం పనికిరాదు. కారు సీటు ఎప్పుడూ రోడ్డు మీద నుంచి తేకండి. ఏడో పుట్టినరోజు దాకా పిల్లల్ని తగిన సీటులో కూర్చోబెట్టాలని చట్టం ఉంది, కానీ ఆ సీటు ఇదివరకు ప్రమాదంలో దెబ్బతిన్నదా, దాని వయసెంత అన్నది చూసి చెప్పలేం. ఉయ్యాల మంచమైతే కమ్మీల మధ్య సందు కొలవండి, 50 నుంచి 95 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. అంతకంటే వెడల్పయితే తల ఇరుక్కుంటుంది. 

ఇక స్కిప్ బిన్ నిండా ఇల్లు కూల్చిన సామాను ఉంటే, చెక్కలు బాగున్నాయని ఆశపడేముందు ఆ ఇంటి వయసు చూడండి. 1980కి ముందు కట్టిన ఇళ్ల రంగులో సీసం ఉండొచ్చు, గీకితే ఆ పొడి పిల్లల నోట్లోకి పోతుంది. 2000కు ముందు ఇళ్లలో ఆస్బెస్టాస్ రేకులు, సీలింగు పూతలు ఉండొచ్చు. బూడిదరంగు సిమెంటు రేకు ముక్కలు కనపడితే ఆ స్కిప్ దగ్గర ఊపిరి కూడా గట్టిగా తీయకండి. పచ్చటి ఛాయ ఉన్న కంచె చెక్కలు రాగి, క్రోమియం, ఆర్సెనిక్ ఎక్కించినవి. పొయ్యిలో గాని బార్బెక్యూలో గాని వాటిని కాల్చకూడదు, ఆ పొగా బూడిదా రెండూ విషమే. తెలియక కాల్చి ఎవరికైనా తేడా చేస్తే విషాల కేంద్రం నంబరు 0800 764 766.

తిండి సంగతి

సూపర్‌మార్కెట్ తొట్టెల్లో తినగలిగిన తిండి ఉంటుందన్నది నిజం. లోకమంతా దీని మీద కోర్టులకు కూడా వెళ్లింది. లండన్‌లో ఒక సూపర్‌మార్కెట్ తొట్టిలోంచి టమోటాలు, చీజ్ తీసుకున్న ముగ్గురి మీద కేసు పెట్టి, జనం గోల చేశాక 2014లో ఎత్తేశారు. జర్మనీలో మ్యూనిక్ దగ్గర అలాంటి పనే చేసిన ఇద్దరు విద్యార్థినులకు పడిన శిక్షను 2020లో రాజ్యాంగ న్యాయస్థానం సమర్థించింది. నా మనసు ఆ విద్యార్థినుల వైపే. కానీ వలస వచ్చినవాడికి అలాంటి ధైర్యాల ఖరీదు వేరు, పైన చెప్పాను.

తేదీల తేడా మాత్రం ప్రతి ఇల్లూ తెలుసుకోవాలి. ‘యూజ్ బై’ అని ఉంటే అది భద్రతకు సంబంధించిన గడువు. ఆ తేదీ దాటాక అమ్మడం చట్టవిరుద్ధం, తినకూడదు. ‘బెస్ట్ బిఫోర్’ అంటే రుచికీ నాణ్యతకీ సంబంధించిన తేదీ. అది దాటినవాటిని దుకాణాలు చవగ్గా అమ్మొచ్చు, బియ్యం, పప్పు, బిస్కెట్లలాంటివి నిశ్చింతగా కొనుక్కోవచ్చు. తొట్టిలోకి చేరితే మాత్రం తేదీ ఏం చెప్పినా నమ్మొద్దు. తేదీ లోపలే ఉన్న పెరుగు డబ్బా తొట్టిలో ఉందంటే, ఫ్రిజ్ చెడిపోయి రాత్రంతా బయట ఉండిపోయిందేమో, పక్కనున్న డబ్బా పగిలి దాని మీద ఏదైనా మందు ఒలికిందేమో, కంపెనీ వెనక్కి పిలిచిందేమో. మూతమీద అదేమీ రాసి ఉండదు. అన్నిటికంటే కారణం కనిపెట్టలేనిది తిండి విషయంలోనే.

ఆ తిండి తొట్టిలో పడకముందే పట్టుకునేవాళ్లు ఇప్పుడున్నారు. హెండర్సన్‌కు దగ్గర్లో ఎవండేల్‌లో ఫెయిర్ ఫుడ్ అనే సంస్థా, నగరమంతా తిరిగే కివీహార్వెస్ట్ సంస్థా దుకాణాల నుంచి మిగులు తిండిని సేకరించి, చూసి, వేరుచేసి పంచే సంస్థలకు అందిస్తాయి. 2014 ఆహార చట్టంలో దాతలకు రక్షణ కూడా పెట్టారు: ఇచ్చేటప్పుడు తిండి బాగుంటే తర్వాత జరిగినదానికి దుకాణం మీద దావా ఉండదు. చాలా వీధుల్లో పాటకా కై పేరుతో చిన్న అల్మారాలు కనిపిస్తాయి. 2017లో దక్షిణ ఆక్లండ్‌లోని ఓటాహుహులో మొదలైన ఉద్యమం ఇది. అక్కరున్నవాళ్లు తీసుకుంటారు, ఉన్నవాళ్లు పెడతారు, ఎవరూ పేరడగరు. చేతిలో డబ్బు ఆడని వారం వస్తే తొట్టెల వైపు కాదు, అటు నడవండి. ఉద్యోగం వచ్చాక ఒక కందిపప్పు పొట్లం అందులో పెట్టండి, వండే పద్ధతి చీటీ మీద రాసి.

మీరు వెళ్లేటప్పుడు

ఒకనాటికి మీరూ ఇల్లు మారతారు. ది కాంకోర్స్‌లో ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌కు వెళ్తే, బాగున్న సామానును చెత్తలో కలపకుండా మళ్లీ వాడుకునేందుకు తీసుకుంటారేమో ముందు అడగండి. ఇన్‌ఆర్గానిక్ సేకరణ బుక్ చేసుకోవాలంటే ఖాళీ తేదీ వారాల తర్వాత దొరకొచ్చు, కాబట్టి టికెట్టు కొన్న రోజే బుక్ చేయండి. ఇంట్లోవాళ్లు అందరూ ఒకే బుకింగు పంచుకోవాలి, ఏడాదికి ఒక్కటే. మీ ముందువాళ్లు అప్పటికే వాడేసుకున్నారేమో ఇంటాయన్ని అడిగి తెలుసుకోండి.

ఫేస్‌బుక్‌లోనో ట్రేడ్ మీ అనే సైటులోనో ఊరికే ఇచ్చేస్తున్నామని పెడితే ఇంటికే వచ్చి పట్టుకెళ్తారు. అలా పెట్టేటప్పుడు ‘ఫ్రీ’ అన్న ఒక్క మాటతో సరిపెట్టకండి. మీరు ఎందుకు వదులుకుంటున్నారో రాయండి: “పనిచేస్తుంది, వెల్లింగ్టన్ వెళ్లిపోతున్నాం.” “ఎడమ కాలు వదులు, రెండు స్క్రూలు బిగిస్తే చాలు.” “మోటారు పోయింది, విడిభాగాలకు మాత్రమే.” నల్లులు పట్టిన సోఫా అయితే దాన్ని ఎవరికీ ఇవ్వకండి. గుడ్డ నిలువునా కోసి, పెద్ద అక్షరాలతో కారణం రాసి, ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌కు డబ్బు కట్టి పంపేయండి.